టెంటు టాకీసులో శృతి

ఆ రోజుల్లో పాట వినాలంటే ముందు ఎక్కడో ఒకచోట నిప్పు రాజుకోవాల్సి వచ్చేది. ఈ మాటంటే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. వాళ్ళ ట్రాన్సిస్టరుకు చెవి మెలిపెడితే చాలు, వెంటనే పాడుతుంది, ఎంతసేపు పాడినా దాని ఒళ్ళు చల్లగానే ఉంటుంది. మా కాలపు పెట్టెలకు అంత తొందర ఉండేది కాదు. వాటి లోపల గాజు బుడ్ల లాంటి వాల్వులుండేవి. ఒక్కో వాల్వులో సన్నని తీగ ఉండేది. అది కాలి ఎర్రబడితేనే పెట్టె నోరు తెరిచేది. ఆ తీగను పుస్తకాల్లో ఫిలమెంటు అన్నారు, మా మేస్త్రి మాత్రం వత్తి అనేవాడు. మైసూరు మహారాజుగారి ఏలుబడి చివరి ఏళ్ళలో, ఇరవై ఏళ్ళ వయసులో, ఆ వత్తికి సెగ ఎక్కడినుంచి తేవాలన్న విద్య నాకు సగం అబ్బింది. మిగతా సగం అబ్బేలోపల ఒక పెద్దాయన నోటికాడి కూడు తీసేశాను. నవ్వుకునే సంగతులు ఇందులో చాలానే ఉన్నాయి, అవన్నీ దాచకుండా చెబుతాను. చివరిదాకా నవ్వుతూనే చెప్పగలనని మాత్రం మాటివ్వలేను.

నేను లోయర్ సెకండరీ పాసైనవాణ్ణి. ఇది చిన్న విషయం కాదని మనవి. మా ఇంట్లో అంతకుముందు పాసైన వస్తువు ఏదైనా ఉందంటే అది మా తాత తోలిన గొర్రెల మంద, అదీ సంతలో. పరీక్ష పాసయ్యాక ఏడాదిపాటు పావగడలో అమల్దారుగారి (తహసీల్దారుగారి) కచేరీ చుట్టూ ఉద్యోగం కోసం తిరిగాను. ఆ కచేరీ గుమ్మం ముందున్న రాళ్ళు అరిగాయి గాని ఉద్యోగం రాలేదు. మా నాయన ఓపిక నశించి, "ఇంగ్లీషు వచ్చినోడు గొర్రెల్ని తోలితే గొర్రెలేమన్నా తప్పు పడ్తాయా" అని అడిగాడు. ఆ మాటకు రోషం పుట్టి, ఊళ్ళు తిరిగే ఒక టెంటు టాకీసులో చేరిపోయాను. పని ఏమిటని కూడా అడగలేదు. తెర కట్టడం, ఇసక చదును చెయ్యడం, రీళ్ళు తిరగేసి చుట్టడం, మేస్త్రికి కాఫీ తేవడం, అదీ పని. నేను మాత్రం ఊళ్ళో 'అసిస్టెంటు ఆపరేటరు'నని చెప్పుకున్నాను.

మేస్త్రి అంటే మా మిషను నడిపే ఆపరేటరు. అరవై దాటిన మనిషి, మంగళవాడ అనే ఊరివాడు, మాటలు రాని బొమ్మల కాలంనుంచీ ఈ పనిలోనే ఉన్నాడు. నల్లటి కంబళి ఎప్పుడూ భుజాన ఉండేది, ఎండాకాలం కూడా దించేవాడు కాదు. నన్ను పేరుతో పిలవలేదు, 'లోయర్ సెకండరీ' అనే పిలిచేవాడు. అందులో గౌరవం ఎంత, ఎగతాళి ఎంత అని మొదటి నెలంతా లెక్కవేసి, గౌరవమేనని తేల్చుకున్నాను. ఆయనకు కొన్ని కట్టుబాట్లుండేవి. వెనక నిలబడి మాట్లాడితే పలికేవాడు కాదు. ఎదురుగా వచ్చి, లాంతరు నా మొహంమీద పడేటట్లు నిలబడి మాట్లాడాలి. "పెద్దోళ్ళతో మాట్లాడేటప్పుడు మొగం చూపిచ్చాల" అనేవాడు. ఎంత క్రమశిక్షణ, గురువులంటే ఇట్లా ఉండాలి అనుకున్నాను. (చదువుకున్నవాళ్ళకు కళ్ళముందున్నది కనపడదని మా నాయన ఊరికే అనేవాడు కాదు.)

ఇక విషయానికి వస్తాను. మా దగ్గర రెండు పెట్టెలుండేవి. ఫిల్ము అంచున సన్నని గీతలుంటాయి, వాటిమీద దీపపు వెలుగు పడి మాటగా మారుతుంది. ఆ పుట్టిన మాట ఎలక పిల్ల కూతంత కూడా ఉండదు. దాన్ని ముందు చిన్న పెట్టె అందుకుని కాస్త పెంచుతుంది, తర్వాత పెద్ద పెట్టె అందుకుని టెంటంతా వినిపించేటట్లు పెంచుతుంది. (ఆ చిన్న పెట్టెను ఇప్పుడు ప్రీఆంప్లిఫయరు అంటున్నారు. మేము చిన్న పెట్టె అనే అన్నాము, అది అలిగిందీ లేదు.) టెంటు వెనక ఆయిల్ ఇంజను ఒకటి జనరేటరును తిప్పుతూ ఉండేది. పెద్ద పెట్టె ఆ కరెంటుతోనే నడిచేది, దాని వాల్వుల్లో వత్తులు కూడా ఆ కరెంటుతోనే కాలేవి. చిన్న పెట్టె వత్తులకు మాత్రం మేస్త్రి ఆ కరెంటును తాకనిచ్చేవాడు కాదు. దానికి ప్రత్యేకంగా ఒక మోటారుకారు బ్యాటరీ పెట్టేవాడు. ఎందుకని ఒకసారి ఎదురుగా నిలబడి, లాంతరు మొహంమీద పడేటట్లే నిలబడి అడిగాను.

"పాలు ఎట్ల కాచ్చారప్పా మీ ఇంట్లో?" అన్నాడు.

"పిడకలమీద."

"కంపమీద ఎందుకు కాచరు?"

"మంట ఎగుర్తాది, పడ్తాది. పాలు పొంగిపోతాయి."

"అంతే. ఇంజను కరెంటు కంప మంట. బ్యాటరీది పిడకల సెగ. చిన్న పెట్టెలో ఉండేది పాలు" అన్నాడు. అని కాఫీ తెమ్మన్నాడు.

లోయర్ సెకండరీ పాసైనవాడికి ఈ పిడకల సిద్ధాంతం ఎలా రుచిస్తుంది? ఇంజను కరెంటు సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుందని నేను ఒక పాత పుస్తకంలో చదివి ఉన్నాను. అంత తొందరగా ఊగేదాన్ని వత్తి ఎక్కడ గమనిస్తుంది, కాలడమే దాని పని గదా, అని నా వాదన. వాదన మనసులోనే ఉంచుకుని కాఫీ తెచ్చాను.

అసలు కష్టం సిద్ధాంతంలో లేదు, మొయ్యడంలో ఉంది. ఆ బ్యాటరీ వారానికొకసారి నీరసించిపోయేది. మా జనరేటరు కరెంటును అది తాగదు, దానికి వేరే రకం కరెంటు కావాలి. కాబట్టి పావగడలో మోటారు షెడ్డుకు తీసుకుపోయి, అక్కడ తాపించి, మళ్ళీ తేవాలి. యుద్ధం ముగిసిందని అందరూ అంటున్నారు గాని పెట్రోలుకు ఆ కబురు ఇంకా అందినట్లు లేదు, బస్సులు బొగ్గు గ్యాసుతోనే దగ్గుతూ నడుస్తున్నాయి. ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి నెట్టాలి. నేను బ్యాటరీని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఒకసారి పక్కనున్న పెద్దమ్మ శెనక్కాయల మూటమీద యాసిడ్ ఒలికి మూటకు బొక్కపడింది. దారిపొడుగునా శెనక్కాయలు రాలుతున్నా ఎవరూ గమనించలేదు, దిగేటప్పటికి మూట సగమైంది. ఆ పెద్దమ్మ నన్ను తిట్టిన తిట్లు నేను లోయర్ సెకండరీలో చదివినవి కావు. ఆనాటినుంచి కండక్టరు, "నువ్వు ఎక్కుతే ఎక్కు, అది మాత్రం ఎక్కకూడదు" అని తేల్చి చెప్పాడు.

దాంతో బ్యాటరీ నా నెత్తికెక్కింది. నాగలమడిక జాతరకు మేము ఏటి ఇసకలో టెంటు వేసినప్పుడు, అక్కడినుంచి పావగడకు పది మైళ్ళపైనే నడక. నాకున్నవి రెండు పంచెలు. ఒకటి ఇంటి పంచె, రెండోది మా అక్క పెళ్ళికి పెట్టిన జరీ అంచు పంచె. రెండింటిమీదా యాసిడ్ చుక్కలు పడి, ఉతికిన ప్రతిసారీ ఒక్కో చుక్కా ఒక్కో బొక్కగా విచ్చుకునేది. జాతరలో ఆడవాళ్ళు ఎదురైతే నేను గోడకు వీపు ఆనించి నిలబడేవాణ్ణి. (గోడ లేని చోట కూర్చునేవాణ్ణి.) మేస్త్రి అది చూసి తన కంబళి నాకిచ్చాడు. "నూలుబట్టను యాసిడ్ తింటాది, గొర్రె బొచ్చును తొందరగా తినదు. ఇది కప్పుకొని మొయ్యి" అన్నాడు. నిజంగానే కంబళికి ఏమీ కాలేదు. ఆయన భుజంమీదినుంచి ఆ కంబళి దిగడం నేను చూసింది ఆ ఒక్కసారే. అప్పుడైనా ఆయన చెప్పేదాన్లో ఏదో ఉందని నాకు తోచి ఉండాల్సింది.

నాకు తోచింది వేరొకటి. పెద్ద పెట్టె లోపల వత్తులను కాల్చడానికి ఆరు వోల్టుల తీగలున్నాయి. చిన్న పెట్టెకు కావలసిందీ ఆరు వోల్టులే. ఆ తీగల్లోంచి రెండు మూరలు ఇటు లాగితే బ్యాటరీ పీడ వదిలిపోతుంది. నాగలమడిక జాతర మూడోరోజు మధ్యాహ్నం, మేస్త్రి ఏటి చెలమలో స్నానానికి పోయిన సమయం చూసి, ఆ పని చేసేశాను. బ్యాటరీని చోటు కదపలేదు, దాని తీగలను మాత్రం ఊరికే తగిలినట్లు పెట్టాను. అడిగితే అప్పుడు చెప్పొచ్చు, మెచ్చుకోకపోతాడా అనుకున్నాను. ఆరోజు సాయంత్రం వాల్వులన్నీ ఎప్పటిలాగే ఎర్రబడ్డాయి. నా గుండె పొంగిపోయింది.

ఆట మొదలైంది. అప్పటిదాకా మా టెంటులో ఎన్నడూ లేని శబ్దం ఒకటి తెర పక్కనున్న లౌడుస్పీకరు కొమ్ములోంచి బయటికి వచ్చింది. 'గూ' అని లావుగా, ఎడతెగకుండా, తేనెతుట్టె కదిలినట్లు. దేవుడు మాట్లాడుతున్నా అదే, రాక్షసుడు మాట్లాడుతున్నా అదే. రీలు మార్చడానికి ఆట ఆపితే మాటలూ పాటలూ ఆగిపోయాయి గాని అది మాత్రం ఆగలేదు. మేస్త్రి నా చెంప పగలగొడతాడని ఎదురుచూస్తూ మిషను గదిలో ఒక మూలకు ఒదిగి నిలబడ్డాను. మేస్త్రి తన పాటికి తాను రీలు ఎక్కించి, చెయ్యి తుడుచుకుని, కిటికీలోంచి జనాన్ని చూస్తూ నిలబడ్డాడు. నేను చేసిన మార్పు ఆయన కనిపెట్టాడు, లోలోపల మెచ్చుకున్నాడు, శిష్యుడి ముందు ఒప్పుకోవడానికి అభిమానం అడ్డొస్తోంది, అని నేను తీర్మానించాను. ఇంతకంటే తెలివైన తీర్మానం నా జీవితంలో మళ్ళీ చెయ్యలేదు.

ఆట ముగిశాక జనం ఏమంటారో అని గేటు దగ్గర నిలబడ్డాను. మా వైపు జనానికి వీధి నాటకాలు, భజనలు అలవాటు. అక్కడ ఎవరు పాడినా వెనక హార్మోనియంవాడో శృతి పెట్టెవాడో ఎడతెగకుండా 'గూ' మని శృతి పడుతూనే ఉంటాడు. అది లేకపోతే వాళ్ళ లెక్కలో అది పాటే కాదు. ఎద్దుల పరసకు (సంతకు) వచ్చిన ఒక ముసలాయన నా భుజం తట్టి, "ఈసారి శృతి పెట్టినారే. బాగుండాదప్పా. పోయిన యేడు బోసిగా ఉండె" అన్నాడు. ఆయన వెనక ఇంకొకాయన, "ఆట నిలిచినా శృతి నిలవలేదు, చూడు. ఎవరప్పా ఆ పట్టేటోడు? ఊపిరి తీసుకోకుండా పట్టినాడే" అన్నాడు. "నేనే" అన్నాను. అబద్ధం కాదు గదా. ఆ రాత్రి బొక్కల పంచె కట్టుకునే, ఎవరి ఎదుటా కూర్చోకుండా, జాతరంతా తిరిగాను.

అలా నాలుగు రోజులు గడిచాయి. ఆ నాలుగు రోజుల్లో మేస్త్రి పని నేను కొత్తగా చూశాను, చూసి కూడా తెలుసుకోలేదు. పెట్టె గొంతు పెంచడం, తగ్గించడం ఆయన చెవితో చేసేవాడు కాదు. మిషను గదికున్న చిన్న కిటికీలోంచి ముందు వరసల్లో ఇసకమీద కూర్చున్న ఆడవాళ్ళ మొహాలు చూసేవాడు. వాళ్ళు మెడలు ముందుకు చాస్తే ఒక పిసరు పెంచేవాడు. చంకలో నిద్రపోతున్న బిడ్డ ఉలిక్కిపడి లేస్తే ఒక పిసరు తగ్గించేవాడు. ఒక చెయ్యి ఎప్పుడూ పెద్ద పెట్టెమీద ఆనించే ఉండేది. ఇదంతా పెద్ద పనివాడి లక్షణమని నేను ఆరాధించాను. ఆ నాలుగింటిలో మూడోరోజు అరచెయ్యి పెట్టెమీద అట్లాగే ఉంచి నావైపు తిరిగి, "పెట్టె కింద ఇసక ఏమన్నా జారిందా అబ్బోడా? అడుగున ఏదో అదుర్తా ఉండాది" అన్నాడు. "ఇంజను అదురు మేస్త్రీ" అన్నాను. తల ఊపి మళ్ళీ జనం మొహాల్లోకి చూడసాగాడు.

జాతర ఏడోరోజు సావుకారు వచ్చాడు. టాకీసు ఆయనదే. తుమకూరునుంచి ఎప్పుడో ఒకసారి చెప్పకుండా వచ్చి, నేల టికెట్టు జనంలో కూర్చుని ఆట చూసేవాడు. చెడ్డవాడు కాదు, ఎవరి జీతమూ ఎగ్గొట్టలేదు. రీలు మార్చడానికి దీపాలు వేసినప్పుడు గది తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. కొమ్ములో 'గూ' మోగుతూనే ఉంది.

"ఏందప్పా మేస్త్రీ ఈ మోత?" అన్నాడు.

దీపం సావుకారు మొహంమీద ఉంది, పెదాలు కనపడుతున్నాయి. మేస్త్రి నిటారుగా నిలబడి, "మోతా? ఏమీ లేదు సామీ. మిషను ముత్యమట్ల ఉండాది" అన్నాడు.

"నాకి వినపడ్తా ఉండాది గదప్పా. చెవులు గింగురుమంటాండాయి."

"లేదు సామీ" అన్నాడు మేస్త్రి మళ్ళీ. అని నావైపు చూశాడు.

ఆ చూపు గురించి ఎన్నిసార్లు ఆలోచించానో చెప్పలేను. అందులో బెదిరింపు లేదు, వేడుకోవడం కూడా లేదు. దారి తెలియనివాడు దారినపోయేవాణ్ణి అడిగినట్లు, నిజంగా అడిగాడు ఆ చూపుతో, మోత ఉందా లేదా అని. నాకప్పుడు మొత్తం ఒక్కసారిగా తెలిసింది. వెనకనుంచి పిలిస్తే పలకకపోవడం, లాంతరు, ఆడవాళ్ళ మొహాలు, పెట్టెమీది అరచెయ్యి. పదిహేనేళ్ళు ఆయిల్ ఇంజను పక్కనే పడుకుని లేచిన మనిషికి చెవులు ఎప్పుడో పోయాయి. లేదు సామీ, నాకూ వినపడ్డం లేదు అని ఒక్క మాట అంటే సావుకారు తన చెవులనే అనుమానించి వెళ్ళిపోయేవాడేమో. ఆ మోత నేను పెట్టింది సామీ, తీగ మార్చాను అన్నా సరిపోయేది, నాకు నాలుగు తిట్లు పడి అంతటితో పోయేది. నేను తల వంచుకుని, "ఉండాది సామీ" అన్నాను. అంతే. మోత ఉందని చెప్పాను గాని ఎవరిదో చెప్పలేదు.

మేస్త్రి మళ్ళీ కిటికీవైపు తిరిగాడు. సావుకారు ఆయన వెనక్కి నడిచి, ఖాళీ రీలు డబ్బా ఒకటి చేతికి తీసుకుని, కింద వేసివున్న రేకుమీద వదిలేశాడు. నేను అదిరిపడ్డాను. బయట గేటువాడు కూడా తొంగిచూశాడు. మేస్త్రి మాత్రం కిటికీలోంచి జనాన్ని చూస్తూ అట్లాగే ఉన్నాడు, రీలు ఇంకా ఎక్కించలేదేమని ముందు వరసవాళ్ళు ఇటు తిరుగుతున్నారు, అది చూసి తొందరగా వెనక్కి తిరిగాడు. కాళ్ళ దగ్గర ఇంకా దొర్లుతున్న డబ్బా ఆయన కంటపడింది. దాన్ని చూశాడు, మా ఇద్దర్నీ చూశాడు. వంగి దాన్ని తీసి, మూతపెట్టి, చోట్లో పెట్టాడు.

"ఎన్నాళ్ళాయ మేస్త్రీ?" అన్నాడు సావుకారు, ఈసారి ఎదురుగా నిలబడి.

"మూడేండ్లు కావచ్చినాది. ఒక్క ఆట చెడలా సామీ. జనం మొగాలు చూస్తా నడిపిస్తా ఉండా."

"నాకి తెలుసు. ఫిల్ము అంటుకుని ఎవురన్నా అరిస్తే ఎట్ల? ఇంజను గొంతు మారితే ఎట్ల? టెంటు నిండా బిడ్డలుండారు." సావుకారు నావైపు చెయ్యి చూపించాడు. "రేపట్నుంచి మిషను ఈ అబ్బోడు చూసుకుంటాడు."

మేస్త్రి రీలు ఎక్కించి ఆ ఆట తానే పూర్తిచేశాడు. ఆరోజు గొంతు ఒక్క పిసరు కూడా ఎక్కువ తక్కువ కాలేదు.

మర్నాడు తెల్లవారుతూనే నేను చేసిన మొదటి పని ఏమిటంటే, ఎవరూ లేవకముందే నా రెండు మూరల తీగ పీకేసి, బ్యాటరీని మళ్ళీ బిగించడం. ధైర్యం లేనివాడికి పని మాత్రం చాలా చురుగ్గా సాగుతుంది. పెట్టె వెలిగించి చూశాను. 'గూ' లేదు, కొమ్ములో సన్నని గాలి సవ్వడి తప్ప ఇంకేమీ లేదు. పాలు పిడకలమీదికి చేరాయి. చిన్న పెట్టెలో మాట ఇంకా చంటిబిడ్డగా ఉంటుందని, సెగలోని వణుకు దాని పక్కన చేరితే రెండూ ఒకే ఎత్తున కనిపిస్తాయని, ఆపైన వచ్చే ప్రతి వాల్వూ రెండింటినీ కలిపే పెంచుతుందని, పెద్ద పెట్టెలో మాట అప్పటికే ఎదిగివుంటుంది కాబట్టి అక్కడ ఆ వణుకు లెక్కలోకి రాదని, ఇదంతా తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. మేస్త్రి అదంతా ఒక పొయ్యి చూపించి చెప్పాడు.

ఆయన ట్రంకు సర్దుకుంటూ ఉన్నాడు. నేను ఎదురుగా పోయి నిలబడ్డాను.

"నాల్గైదు దినాలు మొత్తుకున్నాదంట గదా అది" అన్నాడు. "నా చెవిన పడలా. ఇప్పుడు ఎట్లుండాది?"

"సరిపోయినాది మేస్త్రీ."

"ఏమైంటాది దానికి?"

చెప్పాల్సిన చోటు అదే. నోరు తెరిచాను కూడా. "నట్టు వదులైనాది. చిన్న పెట్టె కింద. బిగిచ్చినా" అన్నాను.

"నట్టా" అన్నాడు. ట్రంకు మూత దించాడు. "నట్టు కూడా చూసుకోలేని వాడినైతి. సావుకారు చెప్పింది న్యాయమే." రాత్రినుంచీ సావుకారుమీద ఏ కాస్త కోపం ఆయనకు ఆసరాగా ఉందో, దాన్నీ నేనే పీకేశాను. ఇప్పుడు తప్పంతా తనదే అనుకుంటూ ఇంటికి పోతాడు. ఉద్యోగం పోవడం కంటే ఇది పెద్దదని నాకు ఆ క్షణంలోనే తెలుసు. అందుకే, ట్రంకు నేను మోస్తాను, బస్సు రోడ్డుదాకా వస్తాను అన్నాను. దారిలో చెప్పేస్తానని ఒట్టు పెట్టుకున్నాను.

ఏరు దాటాక దారి జాలి ముళ్ళ కంపల మధ్యన సన్నగా ఉంటుంది, ఒకరి వెనక ఒకరు నడవాలి. ఆయన ముందు, నేను వెనక. కంబళి ఆయన భుజాన ఉంది, ట్రంకు నా నెత్తిన ఉంది (అలవాటైన నెత్తే గదా). ఆ నడకలో నేను మొత్తం చెప్పాను. బస్సులో శెనక్కాయలనుంచి మొదలుపెట్టి, తీగ ఎక్కడ తగిలించానో, జనం శృతి అని మెచ్చుకుంటే ఎట్లా పొంగిపోయానో, సావుకారు ముందు ఎందుకు నోరు పెగల్లేదో, నట్టు ఏ నాడూ వదులు కాలేదని, తప్పు నాదేనని, ఆయనది ఏమీ లేదని, ఒక్కటీ మిగల్చకుండా చెప్పాను. గొంతెత్తి చెప్పాను. ఏడ్చాను కూడా. కంపల మధ్య దారి అయిపోయి, ఇద్దరు పక్కపక్కన నడిచేటంత వెడల్పు వచ్చింది. నేను అడుగు తగ్గించి వెనకే ఉండిపోయాను.

రోడ్డుమీదికి వచ్చాక ఆయన తిరిగి నా మొహం చూశాడు. "ఏమన్నా అంటివా అబ్బోడా? కండ్లు ఎర్రగుండాయే."

"ఏమీ లేదు మేస్త్రీ. దుమ్ము."

బొగ్గు బస్సు దగ్గుకుంటూ వచ్చింది. ఆయన ఎక్కి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఆఖరుసారి పని చెప్పాడు. "ఆ నట్టు వారానికొకతూరి చూసుకో. నా మాదిరి మర్చిపోవద్దు."

అట్లాగేనన్నాను. ఆ సాయంత్రం ఆటకు వచ్చిన జనం శృతి ఎక్కడికి పోయిందని గేటు దగ్గర గొడవ చేశారు. టికెట్టు కొన్నాం గదా, పెట్టండి అన్నారు. శృతి పట్టేటోడు ఊరికి పోయినాడని చెప్పి వాళ్ళను లోపలికి పంపాను. మరుసటి ఏడు మా టెంటు తిరుమణి మీదుగా ఆయన ఊరు మంగళవాడ చేరుకుంది. ఈసారి ఎదురుగా నిలబడి, మొహంమీద వెలుగు పడేటట్లు నిలబడి చెబుదామని, దారంతా మాటలు కూర్చుకుంటూ పోయాను. ఆయన వానలకు ముందే చనిపోయాడని చెప్పారు.

నేను ఆ మిషను మీద తొమ్మిదేళ్ళు పనిచేశాను. అప్పుడప్పుడు ఆ ఇరవై ఏళ్ళవాడు గుర్తుకొస్తాడు. బొక్కల పంచె కట్టుకుని, కంపల దారిలో ఒక చెవిటి మనిషి వీపుకు అన్నీ విన్నవించుకుని, చెప్పేశాను గదా అని చాలాకాలం తన్ను తాను నమ్మించుకున్నాడు. వాణ్ణి తలుచుకుంటే కోపం రాదు ఇప్పుడు, కాస్త నవ్వే వస్తుంది. ప్రతి సోమవారం పొద్దున్నే స్పానరు పట్టుకుని చిన్న పెట్టె కింద దూరేవాడు, తొమ్మిదేళ్ళూ ఒక్క వారం తప్పకుండా ఆ నట్టును బిగించేవాడు. అది ఒక్కసారి కూడా వదులై ఉండలేదు.